ముందు కోత, తర్వాతే అతుకు: మా షెడ్డులో పని జరిగే తీరు

పోయిన వానాకాలం నాట్లు పడుతున్న రోజుల్లో నర్సంపేట దిక్కు నుంచి ఒక రైతు ట్రాక్టర్ ట్రాలీని మా షెడ్డు ముందు ఆపాడు. ముందరి హుక్ దగ్గర అతుకు విరిగింది. పైనుంచి చూస్తే వెల్డింగ్ ముచ్చటగా ఉంది, చేప పొలుసుల్లా వరుసగా. గ్రైండర్‌తో పైపొర తీసి చూస్తే లోపల రెండు రాడ్డు తునకలు అడ్డంగా పడుకుని ఉన్నాయి. ప్లేటును గ్యాస్‌తో వంకరగా కోశారు. సందు చిటికెన వేలు పట్టేంత వచ్చింది. ఆ సందులో తునకలు పేర్చి, పైన ఒక పూత పోసి, రంగు కొట్టి పంపేశారు. "మొన్ననే చేయించిన తమ్మీ, నెల గూడ కాలే" అన్నాడు రైతు.

నేను 1994లో పనికి చేరినప్పుడు మా ఉస్తాద్ మూడు నెలల పాటు హోల్డర్, అంటే వెల్డింగ్ రాడ్డు పట్టుకునే పిడి, ముట్టనివ్వలేదు. హాక్సా, ఆకురాయి, సుద్దముక్క, ఇంతే నా సామాను. "సందు చూస్కోర ముందు. రాడ్డు అతుకుతది, నింపది" అనేవాడు. అప్పుడు కోపం వచ్చేది. తర్వాత గల్ఫ్‌లో ఆరేళ్లు పైపుల పని చేశాను. అక్కడ ఇన్‌స్పెక్టర్ వెల్డింగ్ చూడటానికి ముందు ఫిట్టప్ చూసేవాడు. రెండు పైపుల మధ్య సందు ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ ఉంటే రాడ్డు అంటించనిచ్చేవాడే కాదు. ఉస్తాద్ చెప్పింది అక్కడ తలకెక్కింది.

అందుకే ఐటీఐ చదివి వచ్చే పిల్లలకైనా, ఇంటి పనికి ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ కొనుక్కున్నవాళ్లకైనా నేను కోతల నుంచే మొదలుపెడతాను.

గీత, కోత, పోయే 3 ఎంఎం

పైపు 20 అడుగులు వస్తుంది, అంటే సుమారు 6 మీటర్లు. దానిలో 1200 ఎంఎం ముక్కలు అయిదు కావాలి. కొత్త పిల్లవాడు టేపు పరిచి 1200, 2400, 3600, 4800 దగ్గర ఒకేసారి గీతలు గీసేస్తాడు. కటాఫ్ మిషన్ వీల్ మందం సుమారు 3 ఎంఎం. ఆ మందమంతా ప్రతి కోతలోనూ పొడి అయి నేల మీద పడుతుంది. నాలుగు కోతలకు 12 ఎంఎం పోయింది. వీల్ గీతకు ఎటుపక్క ఆనిందో దాన్ని బట్టి ఒక ముక్క 1197, ఇంకొకటి 1198.5, మరొకటి 1200 అట్లా వస్తాయి. కిటికీ గ్రిల్లులో అవే సందులవుతాయి. ఒక ముక్క కొలిచి, గీసి, కోసి, ఆ తర్వాతే రెండోది కొలవండి. ఒకే కొలతవి చాలా కావాలంటే మిషన్‌కు ఒక యాంగిల్ ముక్కను అడ్డంగా బిగించి స్టాపర్‌లా పెట్టుకోండి. వీల్ గీత మీద కాదు, గీతకు అవతల, పారేసే దిక్కున నడవాలి.

గేటు ఫ్రేము మూలలకు 45 డిగ్రీల కోత కావాలి. మిషన్ మీద ఉండే డిగ్రీల గుర్తులను నేను నమ్మను. రెండు చిన్న ముక్కలు 45లో కోసి, కలిపి పెట్టి, మూలమట్టం ఆనించి చూడండి. ఒక్కో కోతలో ఒక డిగ్రీ తేడా ఉంటే మూల దగ్గర రెండు డిగ్రీలు అవుతుంది. ఆరడుగుల గేటులో ఆ రెండు డిగ్రీలు అటు చివర రెండున్నర అంగుళాలు.

14 అంగుళాల కటాఫ్ మిషన్‌తో పైపులు, యాంగిల్స్, పట్టీలు కోయొచ్చు. యాంగిల్‌ను వైస్‌లో ఎట్లా పడుకోబెడుతున్నారన్నది ముఖ్యం. రెండు రెక్కలూ కిందికి, వీపు పైకి ఉండేట్టు గుడారంలా పెడితే వీల్‌కు ఎప్పుడూ సన్నని భాగమే తగులుతుంది, కోత తొందరగా దిగుతుంది. పొడవు పైపుకు అటు చివర స్టాండు పెట్టండి. లేకపోతే తెగే ముందు పైపు వంగి వీల్‌ను పట్టేస్తుంది. హ్యాండిల్ మీద బరువు వేయకండి. మోటార్ గొంతు మారిందంటే ఎక్కువ నొక్కుతున్నారని అర్థం.

చేతి గ్రైండర్ గురించి కొంచెం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నా ఎడమ బొటనవేలు మీద దాని సంతకం ఉంది. తప్పు నాదే. గార్డు అడ్డం వస్తోందని తీసేశాను. ఇరుకు మూలలో కోస్తుంటే వీల్ పట్టుకుని పగిలింది. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. అందులో ముక్క ఎగిరితే తప్పుకోవడానికి టైం ఉండదు. వీల్ మీద రాసిన చుట్ల సంఖ్య మిషన్ చుట్లకంటే ఎక్కువ ఉందా చూడండి. వీల్ మధ్యలో ఉండే ఇనుప రింగు మీద నెల, సంవత్సరం కొట్టి ఉంటుంది, అది గడువు. వీల్ లోపల ఉండేది జిగురే, కాలం గడిచేకొద్దీ బలం తగ్గుతుంది. ఒక ఎంఎం కటింగ్ వీల్‌ను పక్కకు వాల్చి అరగదీయడం అందరం చేసే పనే, చేయకూడని పనే. అరగదీయడానికి మందం వీల్ వేరే ఉంది, నునుపుకు ఫ్లాప్ డిస్క్ ఉంది. మార్చుకోవడానికి పట్టేది అర నిమిషం.

గ్యాస్ కటింగ్

6 ఎంఎం దాటిన ప్లేటు, ఐ బీములు, పాత చాసిస్‌లు, వీటికి ఇప్పటికీ గ్యాసే. ఇది ఇనుమును కరిగించి కోస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు, కాల్చి కోస్తుంది. ఇనుము కరగాలంటే దాదాపు 1500 డిగ్రీలు కావాలి. దాదాపు 900 డిగ్రీల దగ్గర, ఎర్రగా నిగనిగలాడుతున్నప్పుడు, స్వచ్ఛమైన ఆక్సిజన్ తగిలితే చాలు, ఇనుమే కట్టెలా మండుతుంది. మండి చిట్టెం అవుతుంది, ఆ చిట్టాన్ని ఆక్సిజన్ జెట్ కిందికి ఊదేస్తుంది. ఈ సంగతి తెలిస్తే ఎస్ఎస్, అంటే స్టెయిన్‌లెస్ స్టీలు, ఎందుకు గ్యాస్‌తో తెగదో కూడా అర్థమవుతుంది. ఎస్ఎస్ మీద ఏర్పడే క్రోమియం ఆక్సైడ్ లోపలి లోహం కంటే ఎక్కువ వేడికి గాని కరగదు, ఆక్సిజన్‌ను లోపలికి పోనివ్వదు. అల్యూమినియం సంగతీ అంతే. పోత ఇనుము కూడా గ్యాస్‌కు సరిగా తెగదు.

ఆక్సిజన్ సిలిండర్ నల్లది, అసిటిలిన్ సిలిండర్ ముదురు ఎరుపు, మెరూన్ రంగు. ఆక్సిజన్ నట్టు మామూలుగా కుడివైపు బిగుస్తుంది. గ్యాస్ నట్టు ఎడమ మర, దాని మూలల మీద చిన్న గాట్లు ఉంటాయి. చీకట్లో కూడా వేలితో తడిమితే తెలియాలని పెట్టిన గుర్తు అది. ఆక్సిజన్ వాల్వుకు గాని రెగ్యులేటర్‌కు గాని నూనె, గ్రీజు తగలకూడదు. గట్టిగా ఉందని ఒక చుక్క నూనె వేశారో, నిప్పు లేకుండానే అంటుకోవచ్చు. ట్రాక్టర్ కింద పని చేసి అవే గ్రీజు చేతులతో రెగ్యులేటర్ తిప్పే పిల్లలను నేను చాలాసార్లు ఆపాను.

అసిటిలిన్ సిలిండర్‌ను నిలబెట్టే వాడాలి. లోపల గ్యాస్ అసిటోన్ అనే ద్రవంలో కరిగి ఉంటుంది. పడుకోబెడితే ఆ ద్రవమే బయటికి వస్తుంది. ఆటోలో పడుకోబెట్టి తెచ్చారా, నిలబెట్టి కొన్ని గంటలు ఆగండి. ఆ గ్యాస్ ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు ఒక కిలోకు మించనివ్వకండి, దానంతటదే పేలే గుణం దానికి ఉంది. మా దగ్గర ఇప్పుడు చాలా షెడ్డుల్లో అసిటిలిన్ బదులు ఎల్‌పీజీ వాడుతున్నారు, ఖర్చు తక్కువని. కోతకు అది బాగానే పనిచేస్తుంది, కాకపోతే మొదట వేడెక్కడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది. నాజిల్ మాత్రం ఎల్‌పీజీదే ఉండాలి. ఎల్‌పీజీ మంటతో ఇనుము వెల్డింగ్ చేద్దామనుకోకండి, ఆ మంట దానికి సరిపోదు. లీకైతే అది గాలికంటే బరువు కాబట్టి నేల మీద, గుంటల్లో చేరుతుంది. వాసన రాలేదు కదా అని నిలబడి నిప్పు వెలిగిస్తే కాళ్ల దగ్గర అంటుకుంటుంది. వాడాల్సింది 19 కిలోల కమర్షియల్ సిలిండర్, వంటింటిది కాదు. రెండు పైపులకూ ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్ పెట్టించండి. మంట వెనక్కి పాకితే ఆపేది అదే.

ఇక కోత. ముందు గ్యాస్ కొంచెం తెరిచి వెలిగించి, తర్వాత ఆక్సిజన్ కలపండి. నాజిల్ కొన దగ్గర చిన్న చిన్న నీలం మొనలు పదునుగా, ఒకే ఎత్తులో నిలబడాలి. కోసే ఆక్సిజన్‌ను వదిలే లివర్ ఒక్కసారి నొక్కి చూసినప్పుడు కూడా ఆ మొనలు చెదరకూడదు. 10, 12 ఎంఎం ప్లేటుకు నేను 3/64 అంగుళం రంధ్రం ఉన్న నాజిల్, రెండున్నర మూడు కిలోల ఆక్సిజన్ ప్రెషర్ పెడతాను. ప్లేటు అంచు మీద మంట నిలిపి, ఎర్రబడి కరగబోతుందనగా లివర్ నొక్కాలి. నిప్పురవ్వలు కింది నుంచి నేరుగా రాలుతుంటే వేగం సరిపోయింది. పైకి ఎగురుతుంటే కోత కిందిదాకా దిగడం లేదు, ఆగండి.

కోశాక ఆ అంచును చూడండి, అదే మీ మార్కుల కాగితం. నిలువు గీతలు దాదాపు తిన్నగా ఉంటే మంచి కోత. గీతలు కింద వెనక్కి వంగితే వేగం ఎక్కువైంది. పై అంచు గుండ్రంగా కరిగిపోతే వేగం తక్కువైంది లేదా మంట ఎక్కువైంది. తిన్నని కోతకు చేయి ఆధారం కాదు, ఒక యాంగిల్ ముక్కను గీత పక్కన బిగించి దానికి నాజిల్ ఆనించి నడపండి. ఆ ట్రాలీ చేసినాయన ఈ ఒక్క పని చేసి ఉంటే రాడ్డు తునకల అవసరం వచ్చేదే కాదు.

ప్లాస్మా, లేజర్ గురించి రెండు మాటలు. ప్లాస్మాకు కరెంటు, కంప్రెసర్ గాలి చాలు. ఎస్ఎస్, అల్యూమినియం కూడా తెగుతాయి. 40 ఆంప్స్ మిషన్‌తో 10 ఎంఎం దాకా నెమ్మదిగా కోయొచ్చు. గాలిలో నీరు ఉంటే నాజిల్‌ను తొందరగా తినేస్తుంది, వానాకాలం కంప్రెసర్ ట్యాంకు నీళ్లు రోజూ వదలాలి. నగిషీ పనికి లేజర్‌కు పంపడమే మేలు. హన్మకొండలో ఒకాయన గేటు మీద కాకతీయ కళాతోరణం కావాలన్నాడు. పట్టీలు వంచి, కోటలోని నాలుగు తోరణాల ఫొటోలు ముందు పెట్టుకుని మూడు రోజులు తంటాలు పడ్డాను. హంసల దగ్గరికి వచ్చేసరికి అవి బాతుల్లా తయారయ్యాయి. చివరికి డ్రాయింగ్ గీయించి 3 ఎంఎం షీటు లేజర్‌లో కోయించాను. మూడు రోజుల కూలి నా జేబులోంచే పోయింది.

రాడ్డు వెల్డింగ్

షెడ్డులో పదింట ఏడు పనులు రాడ్డుతోనే. రాడ్డు మీద 6013 అని ఉంటే, 60 అంటే అతుకు చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల లాగుడు తట్టుకోగలదని. తర్వాతి 1 అంటే పడక, నిలువు, తలపైన, ఎట్లాగైనా వేయొచ్చని. చివరి అంకె పైపూత రకం చెబుతుంది. గేట్లు, గ్రిల్లులు, షెడ్డులకు 6013 చాలు. ట్రాలీ హుక్‌లు, జేసీబీ బకెట్లు, బరువు మోసే చోట్లకు 7018.

2.5 ఎంఎం రాడ్డుకు 60 నుంచి 90 ఆంప్స్, 3.15 రాడ్డుకు 90 నుంచి 130. 16 గేజ్ పైపుకు, అంటే 1.6 ఎంఎం మందానికి, నేను 2.5 రాడ్డు 65 దగ్గర మొదలుపెడతాను. మిషన్ డయల్ అబద్ధం చెప్పొచ్చు. అందుకే ముందు అదే మందం తునక మీద ఒక లైను వేసి చూడండి. పైరులకు మోటార్లన్నీ నడిచే వేళ ఊళ్లో వోల్టేజ్ పడిపోతే అదే డయల్ మీద రాడ్డు అంటుకుపోతుంది. సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు వంద అడుగులు లాగినా అదే జరుగుతుంది. మిషన్ పాడైందని షాపుకు తీసుకుపోయేముందు వైరు చూడండి. 60 శాతం డ్యూటీ సైకిల్ అని రాసి ఉంటే, ఆ ఆంప్స్ దగ్గర పది నిమిషాల్లో ఆరు నిమిషాలు వేసి నాలుగు నిమిషాలు మిషన్‌ను ఊపిరి పీల్చుకోనివ్వాలని.

రాడ్డు కొనకూ ఇనుముకూ మధ్య దూరం రాడ్డు మందమంతే ఉండాలి. నడిచే దిక్కుకు పది పదిహేను డిగ్రీలు వాల్చి, రాడ్డు అరిగేకొద్దీ చేతిని కిందికి దించుతూ పోవాలి. చెవి కూడా పని చేయాలి ఇక్కడ. సంక్రాంతికి సకినాలు నూనెలో వేగేటప్పుడు ఒకే తీరున వచ్చే చప్పుడు ఉంటుంది చూడండి, అది వినిపిస్తే సరిగ్గా నడుస్తోంది. బుస్సుమని ఊదినట్టు వస్తే రాడ్డు దూరమైంది. పటపటమని ఆగిపోతుంటే ఆంప్స్ చాలడం లేదు. మెరుపును చూడకండి, దాని వెనక ఉండే కరిగిన గుంటను చూడండి. ఆ గుంట రెండు ముక్కలనూ తడుపుతోందా, ఒకదాని మీదే కూర్చుందా అన్నదే అసలు ప్రశ్న.

6 ఎంఎం దాటిన ప్లేట్లు ఎదురెదురుగా అతికేటప్పుడు అంచులను చెక్కాలి. ఒక్కో అంచుకు 30 డిగ్రీలు, కలిపి 60 డిగ్రీల వి. అడుగున 2 ఎంఎం చెక్కకుండా వదిలి, మధ్య సందు 2 నుంచి 3 ఎంఎం. మొదటి వరుస 2.5 రాడ్డుతో అడుగుదాకా దింపి, చిట్టెం పూర్తిగా కొట్టి, బ్రష్ వేసి, ఆ తర్వాతే రెండో వరుస. వరుసకూ వరుసకూ మధ్య చిట్టెం మిగిలితే అది గోడలో మట్టిపెళ్ల లాంటిది. ఆ ట్రాలీ హుక్‌కు నేను చేసింది ఇంతే. పాతది మొత్తం కోసి పారేసి, కొత్త 12 ఎంఎం ప్లేటు తిన్నగా కోసి, అంచులు చెక్కి, 7018తో నాలుగు వరుసలు. వెల్డింగ్‌కు గంట, తయారీకి మూడు గంటలు పట్టింది. ట్రాక్టర్‌కు తగిలించి ఉండగా వెల్డింగ్ చేయాల్సి వస్తే బ్యాటరీ తీగలు విప్పండి. ఎర్త్ క్లాంప్‌ను అతుకు పక్కనే బిగించండి. ఎక్కడో చక్రం దగ్గర పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని తినేస్తుంది.

7018 రాడ్డు చెమ్మ పీల్చితే అతుకు లోపల సన్నని బీటలు వస్తాయి. ప్యాకెట్ విప్పి వానాకాలమంతా వదిలేసిన రాడ్లను 300 నుంచి 350 డిగ్రీల ఓవెన్‌లో గంట రెండు గంటలు కాల్చాలి. మా షెడ్డుల్లో పెట్టెలో బల్బు వేలాడదీసి రాడ్లు పెడతారు. 6013కు అది పరవాలేదు. చెమ్మ పట్టిన 7018కు ఆ బల్బు వేడి చాలదు.

గేటు వంకర ఎందుకు పోతుంది? అతుకు చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, ముడుచుకున్న దిక్కుకు పైపును లాగుతుంది. ముందు నాలుగు మూలలకూ చిన్న చిన్న టాక్‌లు, అంటే చుక్క అతుకులు, పెట్టి, ఎదురు మూలల కొలత రెండు దిక్కులా తీయండి. రెండూ సమానం వచ్చేదాకా చెక్క సుత్తెతో సరిచేసి, అప్పుడు నిండుగా వేయండి. ఒక మూల వేశాక దాని పక్క మూలకు పోవద్దు, ఎదురు మూలకు పోండి. ఒకే మూలలో నాలుగు దిక్కులా ఒకేసారి ముగించాలన్న తొందరే గేటును విల్లులా వంచేది.

సీఓటూ, ఆర్గాన్

సీఓటూ వెల్డింగ్‌లో తీగ తనంతట తాను వస్తుంటుంది, చిట్టెం ఉండదు, చేయి కుదిరితే రాడ్డుకంటే బాగా తొందరగా అవుతుంది. సన్నని షీటుకు 0.8 ఎంఎం తీగ, నిమిషానికి 10 నుంచి 15 లీటర్ల గ్యాస్. దీనికి శత్రువు గాలి. ఒక మే నెలలో ఎండ తాళలేక మా పిల్లవాడు టేబుల్ ఫ్యాన్ తిప్పుకున్నాడు. సాయంత్రానికి అతుకంతా పురుగు తొలిచిన వంకాయలా చిల్లులు. "కాక, గ్యాస్ అయిపోయిందేమో" అంటాడు. గ్యాస్ అయిపోలేదు, ఫ్యాన్ ఊదేసింది. ఆరుబయట పనికైతే రాడ్డే మేలు.

ఈ మధ్య గ్యాస్ అవసరం లేని తీగతో చిన్న మిషన్లు చాలా వస్తున్నాయి. కొన్నవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటి ఉంది. గ్యాస్‌తో వాడే గట్టి తీగకు టార్చ్, అంటే తీగ బయటికి వచ్చే గన్, ప్లస్‌కు ఉండాలి. గ్యాస్ అక్కర్లేని, లోపల పొడి నింపిన తీగలకు ఎక్కువగా టార్చ్ మైనస్‌కు ఉండాలి. మిషన్ లోపలో ముందో ఆ రెండు కేబుళ్లు మార్చుకునే చోటు ఉంటుంది. అది మార్చకుండా వేసి, చిటపటలు ఎక్కువ వస్తున్నాయని తిడతారు. తీగ చుట్ట మీద ఏ ధ్రువమో రాసి ఉంటుంది, చదవండి.

ఆర్గాన్ వెల్డింగ్, అంటే టిగ్, ఎస్ఎస్ రెయిలింగ్‌లకు. ఒక చేత టార్చ్, ఒక చేత ఫిల్లర్ తీగ, రాత నేర్చుకున్నంత ఓపిక కావాలి. ఎస్ఎస్‌కు టార్చ్ మైనస్‌లో, అల్యూమినియంకు ఏసీ కరెంటులో. టంగ్‌స్టన్ కొనను పొడవు దిక్కున అరగదీయాలి, అడ్డంగా కాదు. కొనకు ఎర్ర రంగు ఉన్న టంగ్‌స్టన్‌లో థోరియం ఉంటుంది, దాని పొడి పీల్చడం మంచిది కాదు. బంగారు రంగు గాని బూడిద రంగు గాని ఉన్నవి కొనండి. అతుకు లేత బంగారు రంగులో ఉంటే సరిపోయింది, నల్లబడితే వేడి ఎక్కువైంది లేదా గ్యాస్ చాలలేదు. ఎంఎస్, అంటే మామూలు ఇనుము, మీద వాడిన వైర్ బ్రష్‌ను ఎస్ఎస్ మీద వేయకండి, ఆరు నెలల్లో అక్కడ తుప్పు మరకలు వస్తాయి.

ఇంకొక మాట, ఇది ఇల్లు కట్టుకునేవాళ్లకు. 304 స్టీలు అని చెప్పి 202 వేసేవాళ్లు ఉన్నారు. అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందంటారు. తెలియదు, రెండూ అయస్కాంతానికి దాదాపు అంటుకోవు. 202లో నికెల్ తక్కువ, మాంగనీసు ఎక్కువ. దాని కోసం పరీక్ష చుక్కల మందు దొరుకుతుంది, బిల్లులో గ్రేడు రాయించుకోండి.

పొగ, కళ్లు, నిప్పు

జింకు పూత ఉండే జీఐ పైపు అతికేటప్పుడు తెల్లటి పొగ వస్తుంది, అది జింకు. అది పీల్చితే రాత్రికి చలి, జ్వరం, నోట్లో లోహపు రుచి. పాలు తాగితే పోతుందని, బెల్లం తింటే పోతుందని షెడ్డుల్లో చెప్పుకుంటాం. పాలు ఊపిరితిత్తులలోకి పోవు కదా. అతికే చోట రెండు అంగుళాల మేర జింకు గ్రైండ్ చేయండి, గాలి వచ్చే దిక్కును వీపుకు పెట్టుకోండి, సరైన మాస్కు వాడండి. ఊపిరి ఆడకపోతే ఆసుపత్రికే.

కళ్ల సంగతి: మెరుపు చూసినప్పుడు ఏమీ అనిపించదు. అర్ధరాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మండుతుంది. మొదటిసారి నాకు ఉల్లిగడ్డ, ఆలుగడ్డ ముక్కలు, ఎవరో చెప్పిన పాల చుక్కలు అన్నీ అయ్యాయి. అవేవీ వద్దు, కంటి డాక్టర్‌కు చూపించండి. రాడ్డు వెల్డింగ్‌కు 10 లేదా 11 నంబరు గ్లాసు వాడండి. పైపు పట్టుకునే హెల్పర్‌కూ అదే ఇవ్వండి. తెల్ల గోడ మీద తగిలి వచ్చే వెలుతురు కూడా కన్నును కాలుస్తుంది. నైలాన్, పాలిస్టర్ చొక్కాలు వద్దు, అవి కాలి చర్మానికి అతుక్కుంటాయి. మందం నూలు చొక్కా, చేతులు మూసి.

పత్తి సీజన్‌లో జిన్నింగ్ మిల్లు రిపేరుకు పిలుస్తారు. ఈ పనికి నేను వేరే రేటు తీసుకుంటాను, ఎందుకంటే సగం పని నిప్పు కాపలాయే. గ్రైండర్ రవ్వ 35 అడుగుల దాకా పోయి పడగలదని లెక్క. గల్ఫ్‌లో పర్మిట్ లేకుండా రాడ్డు అంటించనిచ్చేవారు కాదు, పక్కన ఒక మనిషి నీళ్ల పైపు పట్టుకుని నిలబడేవాడు. ఇక్కడ ఆ మనిషిని నేనే పెట్టుకుంటాను. చుట్టూ పత్తి ఊడిపించి, నేల తడిపి, కదలని బేళ్ల మీద తడి గోనెలు పరిపించి గాని మొదలుపెట్టను. పని ముగిశాక కనీసం గంట అక్కడే కూర్చుంటాను. పత్తిలో నిప్పు వెంటనే మండదు. లోపల లోపల పొగరాజుకుని రాత్రి లేస్తుంది. మిల్లు మునీమ్ "ఇంకా పోలేదా?" అని నవ్వుతాడు. నవ్వనివ్వండి.

ఖాళీ డీజిల్ డ్రమ్ములు, ట్యాంకులు అతకమని తెస్తారు. కడిగామంటారు. నేను తీసుకోను. లోపల మిగిలిన ఆవిరి చాలు, డ్రమ్ము బాంబు కావడానికి.

పోత ఇనుము పంపు బాడీలు పగిలి వస్తాయి, బావి మోటార్ల కాలంలో మరీ. దానికి నికెల్ రాడ్డు కావాలి, ఖరీదు ఎక్కువ. బీట రెండు చివరలా చిన్న రంధ్రాలు వేయండి, అప్పుడు బీట ముందుకు పాకదు. అంగుళం అంగుళం వేస్తూ, ప్రతి అంగుళాన్నీ వేడిగా ఉండగానే సుత్తెతో మెల్లగా కొడుతూ పోవాలి. అయ్యాక బూడిదలో గాని పొడి సున్నంలో గాని కప్పి తెల్లారేదాకా వదిలేయండి. ఎవరైనా తొందరపెట్టి నీళ్లు చల్లితే టిక్కుమని పక్కనే ఇంకో బీట వస్తుంది. ఆ చప్పుడు నేను రెండుసార్లు విన్నాను.

చివరి పని రంగు. చిట్టెం, చిటపటల గుండ్లు పూర్తిగా తీసి, గ్రైండ్ చేసిన రోజే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టండి. వానాకాలం ఒక్క రాత్రి వదిలితే తెల్లారి పసుపు చల్లినట్టు తుప్పు పడుతుంది. పైపు మొనలకు మూతలు అతకండి, లేకపోతే నీళ్లు లోపల నిలిచి తుప్పు గేటును లోపలి నుంచి తింటుంది. ఇంటి దగ్గర బిగించి వెల్డింగ్ చేయాల్సిన చోట మాత్రం నాలుగు అంగుళాలు రంగు వేయకుండా వదిలి, బండిలో చిన్న డబ్బా ప్రైమర్, ఒక బ్రష్ పెట్టుకుని పోండి.